రాయి, నార, మనిషి చెయ్యి
పిరమిడ్లూ మమ్మీలూ మనకు చెప్పేది

(స్మారకోపన్యాస పాఠం)



ఈ ఉపన్యాసం ఏ మాస్టారి స్మారకమో, ఆయన మాకు చరిత్ర చెప్పారు. పాఠంలో ఏ రాజు పేరు వచ్చినా, ఏ తేదీ వచ్చినా, పుస్తకం మూసి ఒకే ప్రశ్న వేసేవారు: "ఇది మనకెలా తెలిసిందిరా?" జవాబు చెప్పలేకపోతే ఆ పూట పాఠం ముందుకు సాగేది కాదు. ఒక ఏడాది మమ్మల్ని హైదరాబాదు తీసుకువెళ్లి, పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో ఈజిప్టు మమ్మీ ముందు నిలబెట్టారు. గాజుపెట్టెకు ముఖాలు ఆనించి చూస్తున్నాం. ఎవరో "దయ్యం" అన్నారు. మాస్టారు ఆ పిల్లవాడి భుజం మీద చెయ్యి వేసి, "దయ్యం కాదు నాయనా, ఎవరో తల్లి కన్నబిడ్డ. కాసేపు మాట్లాడకుండా చూడండి" అన్నారు. ఈరోజు నేను మాట్లాడబోయేదంతా ఆ రెండు మాటల మీదే. ఎలా తెలిసింది అన్నది ఒకటి. ఎవరో తల్లి కన్నబిడ్డ అన్నది రెండోది.

తప్పులు దిద్దుకుంటూ ఎదిగిన కట్టడం

పిరమిడ్ అనగానే మన కళ్లముందు గీజా కదలాడుతుంది. అంత పెద్ద కట్టడం ఒక్కసారిగా ఎలా సాధ్యమైందని ఆశ్చర్యపోతాం. ఏ గ్రహం నుంచో ఎవరో వచ్చి కట్టారన్న కథలు పుట్టేది ఇక్కడే. అసలు సంగతి ఏమిటంటే, అది ఒక్కసారిగా సాధ్యం కాలేదు.

మొదట్లో రాజుల సమాధులు పచ్చి ఇటుకల అరుగులు. క్రీ.పూ. 2650 ప్రాంతంలో జోసర్ అనే రాజుకు సక్కారాలో రాతి సమాధి కట్టారు. దాని రూపకర్తగా ఇమ్‌హోతెప్ పేరు నిలిచింది. అరుగు మీద అరుగు పేర్చుకుంటూ పోయి ఆరు మెట్లు చేశారు. ఎత్తు సుమారు 62 మీటర్లు. రాతితో అంత పెద్ద కట్టడం లోకంలో అంతకుముందు లేదు.

తర్వాతి వంశంలో స్నెఫ్రు రాజు వచ్చాడు. ఆయన కాలపు కట్టడాలను వరసగా చూస్తే ఒక మేస్త్రీ మనసులోని మథనం కనిపిస్తుంది. దహషూర్‌లో మొదలుపెట్టిన పిరమిడ్ వాలు సుమారు 54 డిగ్రీలు. సగం కట్టేసరికి లోపలి గదులకు బీటలు వారాయి. పని ఆపలేదు, కూల్చనూ లేదు. పైభాగం వాలును 43 డిగ్రీలకు తగ్గించి ముగించారు. అందుకే అది నడుము వంగినట్టు ఉంటుంది. ఆ దగ్గర్లోనే తర్వాతి పిరమిడ్‌ను మొదటినుంచీ 43 డిగ్రీలతోనే కట్టారు. అది నిటారుగా, నిక్కచ్చిగా నిలిచింది. ఆ తర్వాతే ఆయన కొడుకు ఖుఫు గీజాలో మహా పిరమిడ్‌కు పునాది వేశాడు. వంగిన పిరమిడ్ లేకపోతే మహా పిరమిడ్ లేదు. పై లోకం నుంచి వచ్చినవాళ్లకు తప్పు చేసి దిద్దుకునే అవసరం ఏముంటుంది?

మహా పిరమిడ్ కట్టినప్పుడు ఎత్తు 146 మీటర్లకు పైన. ఒక్కో పక్క 230 మీటర్లు. రాళ్లు సుమారు 23 లక్షలు, సగటున ఒక్కోటి రెండున్నర టన్నులు. ఇరవై ఏళ్లలో పూర్తి చేయాలంటే, రోజుకు పది గంటల లెక్కన, సుమారు రెండు నిమిషాలకు ఒక రాయి చొప్పున చోటు చేరాలి. భుజాలు నిజమైన ఉత్తర దిక్కుకు ఒక డిగ్రీలో పదిహేనో వంతు మాత్రమే తప్పాయి. దిక్సూచి లేని రోజుల్లో ఆకాశాన్ని చూసి వేసిన ముగ్గు అది. లోపలి రాజగది గ్రానైటు రాళ్లు అస్వాన్ నుంచి, అంటే సుమారు 800 కిలోమీటర్ల ఎగువ నుంచి, నైలు మీద పడవల్లో వచ్చాయి.

మేరేర్ రాసిన పద్దు

ఇదంతా ఎలా తెలిసింది? మాస్టారు బతికి ఉంటే ఎంతో సంబరపడే జవాబు 2013లో దొరికింది.

ఎర్ర సముద్రపు ఒడ్డున వాదీ అల్ జర్ఫ్ అనే చోట ఫ్రెంచి పురాతత్వవేత్త పియెర్ తాలే బృందం తవ్వకాలు జరిపింది. కొండను తొలిచి కట్టిన పడవల కొట్టాల దగ్గర పపైరస్ ముక్కలు బయటపడ్డాయి. రాత ఉన్న పపైరస్‌లలో ఇప్పటివరకు దొరికినవాటిలో అవే అతి పాతవి. వాటిలో ఒకటి మేరేర్ అనే అధికారి రాసిన పనిపద్దు. అతని చేతికింద సుమారు నలభైమంది పడవవాళ్లు. పైన తేదీల గడులు, కింద ఆ రోజు జరిగిన పని. నైలు తూర్పు ఒడ్డున తురా గనిలో తెల్ల సున్నపురాయి ఎక్కించుకోవడం, దారిలో రాత్రి మజిలీ, మర్నాడు గీజా చేరడం, దించి మళ్లీ తురాకు తిరిగి రావడం. పది రోజుల్లో రెండు మూడు సార్లు ఇదే ప్రయాణం. పిరమిడ్ పేరు అందులో "అఖెత్ ఖుఫు", అంటే ఖుఫు ఉదయించే దిగంతం. రాజుగారి సవతి సోదరుడు అంఖాఫ్ పైఅధికారిగా కనిపిస్తాడు. పశువుల లెక్క పదమూడోసారి తీసిన మరుసటి ఏడాది అని కాలం కూడా రాశారు. ఆ లెక్క రెండేళ్లకోసారి తీసేవారు కాబట్టి, అది ఖుఫు ఏలుబడిలో 26 లేదా 27వ సంవత్సరమని పండితులు తేల్చారు.

ఆ పద్దులో గొప్పలు లేవు. దేవతలను పొగడలేదు. ఇవాళ ఎక్కడికి పోయాం, ఏం ఎక్కించాం, రాత్రి ఎక్కడ పడుకున్నాం, అంతే. నాలుగున్నర వేల ఏళ్ల కింద ఒక మనిషి సాయంత్రం కూర్చుని ఆనాటి పనిని అలా రాసుకున్నాడు. పిరమిడ్ గురించి ఇంతకంటే నమ్మదగిన సాక్ష్యం నాకు తెలియదు.

కట్టినవాళ్లు

లక్షమంది మూడు నెలల వంతున ఇరవై ఏళ్లు కట్టారని గ్రీకు చరిత్రకారుడు హెరొడొటస్ రాశాడు. కానీ అతను ఈజిప్టు వెళ్లేసరికే పిరమిడ్ వయసు రెండు వేల ఏళ్లు. కొరడా దెబ్బలకు వీపులు చిట్లిన బానిసల దృశ్యాన్ని సినిమాలు మన మనసుల్లో ముద్రించాయి.

1990లో గీజా ఎడారిలో ఒక గుర్రం కాలు మట్టిగోడకు తగిలింది. తవ్వితే పిరమిడ్ పనివారి సమాధులు బయటపడ్డాయి. రాజు గోరీ దాపునే పనివాడికి గోరీ కట్టుకునే చోటు దొరికిందంటే అతన్ని కేవలం బానిసగా చూడలేదన్నమాట. ఆ ఎముకలు ఇంకా చెప్పాయి. వెన్నుపూసలు అరిగిపోయి ఉన్నాయి. చేతులు విరిగి, సరిగా కట్టు కట్టడంతో అతుక్కున్న గుర్తులున్నాయి. విరిగిన చేతికి ఎవరో కట్టు కట్టారు, అది అతికేదాకా ఎవరో అన్నం పెట్టారు. ఆ దగ్గర్లోనే పురాతత్వవేత్త మార్క్ లెనర్ బృందం తవ్విన పనివారి ఊళ్లో రొట్టెలు కాల్చే పొయ్యిలూ, గొడ్ల, గొర్రెల, మేకల ఎముకల గుట్టలూ దొరికాయి.

అయితే వాళ్లు ఇష్టపడి కూలికి వచ్చారనీ అనలేం. రాజు కబురు పెడితే ఊళ్ల నుంచి వంతులవారీగా రాక తప్పని పని అది. మన భాషలో దానికి దగ్గరి మాట వెట్టి. అయినా ఆ మనుషుల్లో పని మీద గర్వం ఉంది. రాజగది పైన ఎవరూ చూడని ఇరుకు అరల్లో, రాళ్ల మీద ఎర్ర రంగుతో తమ జట్ల పేర్లు రాసుకున్నారు. ఒక జట్టు పేరు "ఖుఫు స్నేహితులు". 1837లో ఆ అరలు తెరిచేదాకా ఆ రాత చీకట్లోనే ఉంది.

రాళ్లను ఎలా లాగారన్నదానికీ ఈజిప్టువాళ్లే బొమ్మ గీసి ఇచ్చారు. క్రీ.పూ. 1900 ప్రాంతపు జెహూతిహోతెప్ అనే అధికారి సమాధి గోడ మీద 172 మంది ఒక మహా విగ్రహాన్ని చెక్కబండి మీద లాగుతుంటారు. బండి ముందు నిలబడి ఒకడు ఇసుక మీద నీళ్లు పోస్తుంటాడు. చాలాకాలం దాన్ని పూజావిధి అనుకున్నారు. తగు పాళ్లలో తడిపిన ఇసుక మీద లాగే బలం సగానికి తగ్గుతుందని 2014లో ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయం వారు ప్రయోగం చేసి చూపారు.

డెబ్బై రోజుల పని

ఇక దేహం సంగతి. బ్రిటిష్ మ్యూజియంలో గెబెలైన్ అనే చోట దొరికిన ఒక మనిషి ఉన్నాడు. కాలం సుమారు క్రీ.పూ. 3400. మోకాళ్లు ముడుచుకుని పడుకుని ఉంటాడు. అతనికి ఎవరూ లేపనాలు పూయలేదు. వేడి ఇసుకే తడిని పీల్చి అతన్ని నిలిపింది. దేహం నిలవగలదన్న ఊహకు మూలం ఎడారేనని చాలామంది పండితులు భావిస్తారు. శవపేటికలూ రాతిగదులూ వచ్చాక దేహానికి ఇసుక దూరమైంది, కుళ్లడం మొదలైంది. అప్పుడు ఇసుక చేసిన పనిని మనిషి చేతుల్లోకి తీసుకోవలసి వచ్చింది.

ఖుఫు తల్లి హెతెఫెరెస్ సమాధి 1925లో దొరికింది. శవపేటిక ఖాళీ. కానీ ఆమె అవయవాలు దాచిన పాలరాతి పెట్టెలో నేట్రాన్ ద్రవం ఇంకా మిగిలి ఉంది.

నేట్రాన్ అంటే బట్టల సోడా, వంటసోడా, ఉప్పు కలిసిన ఖనిజం. వాదీ నట్రూన్ లోయ చెరువుల గట్లమీద పేరుకుంటుంది. ఉప్పుచేప ఎందుకు నిలవ ఉంటుందో దేహమూ అందుకే నిలుస్తుంది. తడి లేనిచోట కుళ్లబెట్టే క్రిములు బతకవు. ఎడమ పక్క చిన్న కోత పెట్టి కాలేయం, ఊపిరితిత్తులు, జీర్ణాశయం, పేగులు తీసేవారు. వాటిని ఎండబెట్టి వేరుగా దాచేవారు. మెదడును తరచుగా ముక్కు గుండా తీసేసేవారు. గుండెను మాత్రం ఉంచేవారు, ఎందుకంటే పరలోకంలో మాఅత్ దేవత ఈకతో తూచేది దాన్నే. దేహాన్ని సుమారు నలభై రోజులు నేట్రాన్‌లో కప్పి ఉంచి, తర్వాత నూనెలు, బంకలు పూసి, అవిసెనార బట్ట పీలికలతో వేలు వేలుకూ విడిగా చుట్టేవారు. మొత్తం డెబ్బై రోజులు.

ఆ కోత పెట్టినవాడు పని కాగానే పారిపోయేవాడనీ, అక్కడున్నవారు రాళ్లు రువ్వి తరిమేవారనీ గ్రీకు రచయిత డయొడొరస్ రాశాడు. దేహాన్ని గాయపరచడం పాపం, కానీ గాయపరచందే నిలపలేరు. ఆ పాపాన్ని ఒకడి తల మీద పెట్టి లోకం తన పని జరిపించుకుంది. ఆ మనిషి పేరు ఏ సమాధి గోడ మీదా లేదు.

ఈ పనికి సరకులు దూరాల నుంచి వచ్చేవి. సక్కారాలో దొరికిన ఒక లేపనశాల కుండల అడుగులను పరీక్షించిన ఫలితాలు 2023లో వెలువడ్డాయి. వాటిలో డామర్ బంక ఉంది. మనం గుగ్గిలం తీసే చెట్టు కుటుంబానికే చెందిన, ఆసియా ఉష్ణమండల అడవుల చెట్ల బంక అది. క్రీ.పూ. 1213లో చనిపోయిన రెండో రామ్‌సెస్ ముక్కులో మిరియాలు దొరికాయి. మిరియపు తీగ పుట్టిల్లు మన దక్షిణాది పడమటి కనుమలు. ఎవరు కోశారో, ఎన్ని చేతులు మారి నైలు చేరాయో ఎక్కడా రాసి లేదు. గింజలు మాత్రం ఉన్నాయి.

మిగిలింది

ఇంత చేసినా ఖుఫు దేహం దొరకలేదు. అంత పెద్ద సమాధి కట్టించుకున్న రాజుకు పూర్తి రూపంతో మిగిలిన విగ్రహం ఒక్కటే. అబైడోస్‌లో దొరికిన దంతపు బొమ్మ. ఎత్తు ఏడున్నర సెంటీమీటర్లు. అదే సమయంలో పడవనాయకుడు మేరేర్ ఏ రోజు ఏ పని చేశాడో మనకు తెలుసు. చరిత్ర అప్పుడప్పుడు ఇలా న్యాయం చేస్తుంది. ఆ న్యాయాన్ని వెతికి తీయడం చరిత్రకారుడి పని, గుర్తుపెట్టుకోవడం మన పని.

మమ్మీలకు మనుషులు చేసిన అన్యాయమూ చెప్పుకోవాలి. యూరప్‌లో శతాబ్దాల పాటు వాటిని పొడి కొట్టి మందుగా మింగారు, చిత్రకారుల రంగుల్లో కలిపారు. 2021 ఏప్రిల్‌లో కైరోలో 22 మంది రాజులు, రాణుల దేహాలను సైనిక వందనంతో కొత్త మ్యూజియానికి తరలించినప్పుడు, ఆ అపచారానికి కొంతైనా ప్రాయశ్చిత్తం జరిగిందని నాకనిపించింది.

మన హైదరాబాదు మమ్మీని 1930లో ఏడో నిజాం మ్యూజియానికి ఇచ్చారు. రెండు వేల ఏళ్లకు పైబడిన ఆ దేహం గాలికి చెడుతోందని గుర్తించి, ఈమధ్య ప్రాణవాయువు చొరబడని పెట్టెలో భద్రపరిచారు. నైలు తీరాన ఎవరో డెబ్బై రోజులు చేసిన పనికి అది కొనసాగింపు.

ఈ సభలో ఉపాధ్యాయులున్నారు, తల్లిదండ్రులున్నారు. మీ పిల్లలను ఒకసారి పబ్లిక్ గార్డెన్స్‌కు తీసుకువెళ్లండి. ఆ దేహాన్ని వింతగా చూపించకండి. నారబట్ట చుట్టిన తీరు చూపించండి, చుట్టిన చేతుల గురించి చెప్పండి. ఇదంతా ఎలా తెలిసిందని అడగనివ్వండి. తర్వాత కాసేపు మాట్లాడకుండా నిలబడండి. మాస్టారికి మనం ఇవ్వగల నివాళి అదే.