తప్పు పట్టేవాడికీ తనిఖీ

(డిసెంబరు 17, పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982లో ఇదే రోజున నకారా కేసులో సుప్రీం కోర్టు ఇచ్చిన తీర్పు గురించి నాకంటే ముందు మాట్లాడిన పెద్దలు విపులంగా చెప్పారు. నేను ఆ జోలికి పోను. "కంప్యూటర్ల గురించి నాలుగు ముక్కలు చెప్పండి" అని కార్యదర్శి గారు నన్ను ఇరికించారు. ముప్పై ఆరేళ్లు గుమాస్తాగిరీ చేసినవాణ్ణి, నాకు కంప్యూటరు ఏం తెలుసు? అయితే మా రెండో అమ్మాయి హైదరాబాదులో చేసే పనేమిటో తెలుసు. విన్నకొద్దీ అది మన సెక్షన్ పనిలాగే తోచింది. అదే మీకు చెబుతాను.

జి.డి.బి. అని ఒక డీబగ్గర్ ఉంది. దాన్ని పరీక్షించే పరీక్షల కట్టను సవ్యంగా ఉంచడం మా అమ్మాయి ఉద్యోగం. డీబగ్గర్ అంటే, ప్రోగ్రాంలో తప్పు ఎక్కడుందో వెతకడానికి వాడే ఇంకో ప్రోగ్రాం. నడుస్తున్న ప్రోగ్రాంను ఫలానా చోట ఆపి, "ఈ క్షణాన ఈ లెక్క ఎంత?" అని అడిగితే చూపిస్తుంది. ఆడిటరు గారు ఉన్నట్టుండి దిగి, క్యాషు పుస్తకం మూయించి, ఇనప్పెట్టె తెరిపించి లెక్కపెట్టించడం లాంటిది. 1986లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ దీన్ని మొదలుపెట్టారు. తర్వాత అనేక దేశాల వారు దీనిమీద పనిచేశారు, ఇప్పటికీ దిద్దుతూనే ఉన్నారు.

చిక్కంతా ఆ దిద్దడంలోనే ఉంది. ఒకచోట బాగుచేస్తే ఇంకోచోట చెడుతుంది. పే బిల్లులో డి.ఏ. కాలమ్ సరిచేసి అడుగున కూడిక మరిచిపోయిన అనుభవం ఇక్కడ ఎంతమందికి లేదు? అందుచేత మార్పు జరిగిన ప్రతిసారీ పాత ప్రశ్నలన్నీ మళ్లీ అడగాలి. అవి వేలల్లో ఉంటాయి. మనిషి కూర్చుని అడగలేడు కనుక, మనిషిలాగే ఆజ్ఞ టైపు చేసి, జవాబు వచ్చేదాకా ఆగి, రావలసిన జవాబుతో పోల్చి చూసే సాధనం పెట్టారు. దాని పేరు డెజాగ్ను.

ఇవే ప్రశ్నలు రకరకాల యంత్రాల మీద అడగాలి. అసలు కష్టం అక్కడే. మనం తేదీ రాసేటప్పుడు ముందు రోజు, తర్వాత నెల వేస్తాం. అమెరికా వారు ముందు నెల వేస్తారు. యంత్రాలూ అంతే. ఇంటెల్ రకం యంత్రం సంఖ్యలోని చిన్న కొసను ముందు దాచుకుంటుంది. ఐ.బి.ఎం. వారి పెద్ద యంత్రం పెద్ద కొసను ముందు దాచుకుంటుంది. ఒక యంత్రం అలవాటునే సరైన జవాబుగా పరీక్షలో రాసిపెట్టుకుంటే, రెండో యంత్రం ఏ పాపమూ చేయకుండానే తప్పు చేసినట్టు కనబడుతుంది.

ఇంకొకటి. "42వ లైను దగ్గర ఆగు" అని పరీక్షలో రాయకూడదట. రేపు ఎవరైనా పైన రెండు లైన్లు చేర్చితే 42 కాస్తా 44 అవుతుంది. అందుకని కావలసిన లైను పక్కన ఒక గుర్తు మాట రాసిపెట్టి, ఆ మాటను వెతికి అక్కడ ఆగమంటారు. "12వ పేజీ చూడుడు" అని నోటు రాసిన తర్వాత ఫైలు మధ్యలో కాగితాలు కుట్టేస్తే మనం పడ్డ అవస్థ గుర్తుకొచ్చి నవ్వుకున్నాను.

నాకు బాగా నచ్చింది ఫలితాలు రాసే పద్ధతి. పాస్, ఫెయిల్ అనే రెండు మాటలతో వారు సరిపెట్టుకోరు. ఆ యంత్రానికి ఆ సౌకర్యమే లేకపోతే "అన్‌సపోర్టెడ్". పరీక్ష నడపకపోతే "అన్‌టెస్టెడ్". నడిపినా ఎటూ తేలకపోతే "అన్‌రిజాల్వ్‌డ్". తప్పు డీబగ్గర్‌ది కాక బయటిదైతే, అది ముందే తెలిసి ఉంటే "ఎక్స్‌ఫెయిల్". డీబగ్గర్‌లోనే ఉన్న, అందరికీ తెలిసిన తప్పయితే "కెఫెయిల్". ఈ చివరిదానికి ఫిర్యాదు నంబరు వేసి తీరాలి. నంబరు లేని కాగితం ఎవరి బల్లమీదా నిలవదు కదా!

ఒక రాత్రి అమ్మాయి ఫోన్ చేసింది. "నాన్నా, ఒక పరీక్ష ఇంటెల్ మీద పాస్ అవుతోంది, పెద్ద యంత్రం మీద ఫెయిల్ అవుతోంది. రేపు రిపోర్టు ఇవ్వాలి. కంపైలర్ గొడవే అయ్యుంటుంది, ఎక్స్‌ఫెయిల్ అని రాసెయ్యి అంటున్నారు. రాస్తే నాకూ హాయే" అంది.

అప్పుడు నేను ఎవరికీ చెప్పని సంగతి ఒకటి దానికి చెప్పాను. ఈ రోజు మీకూ చెబుతున్నాను. నేను పనిచేసిన ఒక ఆఫీసులో నెలాఖరుకు పెండింగు జాబితా తయారు చేస్తున్నాను. ఒక వితంతువు ఫ్యామిలీ పెన్షన్ కాగితం ఉంది. రెండు రికార్డుల్లో పేరు తేడాగా ఉంది. మరో ఆఫీసుకు రాశాం, జవాబు రాలేదు. నా జాబితా పొడుగ్గా ఉంది. ఆ కాగితం మీద "ఎల్.డిస్." అని రాసి మూసేశాను. జాబితాలో ఒకటి తగ్గింది, సూపరింటెండెంటు గారు మెచ్చుకున్నారు. ఏడు నెలల తర్వాత ఆవిడ చంటిపిల్లతో వచ్చి నా బల్ల ముందు నిలబడింది. "ఇంకా వస్తుందనే ఎదురుచూస్తున్నానండీ" అంది. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. కాగితం మళ్లీ తెరిచి, నేనే స్వయంగా వెళ్లి రెండో రికార్డు చూసుకొచ్చి పని పూర్తి చేయించాను. పోయిన ఏడు నెలలను మాత్రం తెచ్చి ఇవ్వలేకపోయాను.

"అమ్మా, నువ్వు నిజంగా చూసి, తప్పు బయటిదేనని తేలితే అలాగే రాయి. చూడకుండా మాత్రం రాయకు" అన్నాను. అది ఆ రోజు "ఫెయిల్" అనే రిపోర్టు ఇచ్చింది. మాటలు పడింది. పది రోజులు వెతికితే తప్పు డీబగ్గర్‌దేనని తేలింది. ఒక చిన్న సంఖ్య ఎనిమిది బైట్ల గదిలో ఒక మూల ఉంటే, డీబగ్గర్ రెండో మూల చూసి "0" అని చూపిస్తోంది. ఇంటెల్ యంత్రంలో ఆ సంఖ్య చూసిన మూలలోనే ఉండేది కనుక తప్పు బయటపడలేదు. ఆడిటరే సున్నా అని చెబితే, ఇక ఆ లెక్కను నమ్ముకున్నవాడి గతేమిటి?

మిత్రులారా, ఇది మనకెందుకు అంటారా? 2014 నవంబరులో జీవన్ ప్రమాణ్ వచ్చాక మన వేళ్లను యంత్రం తనిఖీ చేస్తోంది. అరిగిపోయిన వేలిముద్ర పడకపోతే, మనిషి లేడని తేలినట్టు కాదు. ఏమీ తేలలేదని మాత్రమే. కౌంటరులో "ఫెయిల్ అయింది" అన్నారని ఇంటికి తిరిగి రాకండి. కనుపాపతో చూడమనండి. 2021 నుంచి ముఖ గుర్తింపు కూడా ఉంది. అదీ కుదరకపోతే కాగితం మీదే సర్టిఫికెట్ తీసుకోమనండి. మన సంఘం జాబితాలో కూడా నవంబరు దాటినా సర్టిఫికెట్ అందని వారి పేరు కొట్టేయకుండా, "ఇంకా తెలియలేదు" అని రాసి, ఒకరు వెళ్లి తలుపు తట్టాలని కార్యదర్శి గారిని కోరుతున్నాను. మా వీధి వరకు ఆ పని నాకు అప్పగించండి.