ముత్తాతకి బాప్తిస్మం ఇచ్చిందెవరు?



ఒంగోలు చుట్టుపక్కల మాదిగపల్లెల్లో మన కుటుంబాల వంశవృక్షాలు రాసుకుందామని కూచుంటే రెండు మాటలు వినబడతన్నాయి. ఒకటి మన ఇళ్లల్లోది: "గుండ్లకమ్మలో ఆ పెద్దరోజున క్లౌ దొరే మా ముత్తాతని నీళ్లలో ముంచి లేపాడు." ఇంకోటి ఊరి రచ్చబండ కాడిది: "వీళ్ల తాతలు కరువులో గంజికి మతం మారారు." ఒకటి మనం గొప్పకి చెప్పుకునేది, రెండోది మనల్ని చిన్నబుచ్చేది. ఎవరు చూశారు, ఎక్కడ రాశారు అని రెండింటినీ అడగాల్సిందే.

ముందు గంజి మాట. 1876-78లో ధాత కరువు. ఒంగోలు బాప్టిస్టు మిషన్ పెద్ద జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకానికి కాంట్రాక్టు పట్టాడు. మనవాళ్లు మట్టి తవ్వారు, మోశారు, చేసిన పనికి కూలి తీసుకున్నారు. ఆ రోజుల్లో బాప్తిస్మం అడిగినోళ్లకి ఏడాదికి పైగా ఇవ్వలేదు. కూటి కోసం కలిశారన్న మాట రాగూడదనే ఆపారు. పైగా ఎర్రగుంట్ల పేరయ్య క్రైస్తవుడైంది 1866లో, అంటే కరువుకి పదేళ్ల ముందు. అప్పుడే పల్లెల్లో కదలిక మొదలైంది. ఆకలి లేదని మేం అనటం లేదు. ఆకలిగొన్నోడు ఆసరా వెతుక్కోవటం సిగ్గూ కాదు. గంజి పోసి ముంచారన్న మాట మాత్రం నిలవదు.

ఇక మన మాట. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇది నిజం. కానీ ఆ రోజు ఒక్కరిని కూడా తాను ముంచలేదని క్లౌ తన జీవితకథలో చెప్పుకున్నాడు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని నీళ్లలో నిలబడ్డారు. గట్టు మీద పేర్లు చదువుతుంటే ఒక్కొక్కరు దిగారు. ఇంకో సంగతి కూడా ఉంది. ఆ జూన్, జూలైల్లో బాప్తిస్మం పొందినవాళ్లు ఎనిమిది వేలకి పైనే. మీ ముత్తాత వేరే రోజున దిగి ఉండొచ్చు కదా?

ముత్తాత అబద్ధమాడాడని కాదు. మూడు తరాలు చెప్పుకునేసరికి నీళ్లలో నిలబడ్డ తెలుగు చేతులు చెరిగిపోయాయి, వాటి స్థానంలో దొర చెయ్యి వచ్చి చేరింది. మనకి జరిగిన ప్రతి మంచీ దొర చేతి మీదుగానే వచ్చిందనుకోవటం కూడా బానిసతనమే.

అలాగని కాగితాన్ని గుడ్డిగా నమ్మొద్దు. ఆ లెక్కలు రాసింది మిషన్ వాళ్లే. వాళ్ల గొప్ప వాళ్లకీ ఉంటది. నాయనమ్మ మాటని కాగితంతో, కాగితాన్ని నాయనమ్మ మాటతో పోల్చి చూడాలి.

అందుకని ఇట్లా చేద్దాం. పెద్దల మాట వాళ్ల నోటి మాటగానే రాసుకోండి. ఎవరు చెప్పారు, వాళ్లకెవరు చెప్పారు, పక్కనే రాయండి. తరాల వయసులు లెక్కకట్టండి. 1900 తర్వాత పుట్టినాయన 1878లో ఏట్లో దిగడు. చర్చి రిజిస్టరు, సమాధి రాయి, భూమి కాగితం దొరికితే చూడండి. రుజువైందీ కానిదీ వేరువేరుగా పెట్టండి. ఆడోళ్ల పేర్లు వదలొద్దు. పేరయ్యతో పాటు బాప్తిస్మం తీసుకున్న ఆయన భార్య పేరు నాగమ్మ. ఆ పేరు మనలో ఎంతమందికి తెలుసు?

ఒక హెచ్చరిక. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైతే ఎస్సీ కాడు. కాబట్టి ఇంటివాళ్లు ఒప్పుకోకుండా ఎవరి పేరూ అచ్చెయ్యొద్దు. చరిత్ర కోసం మనిషి పొట్ట కొట్టగూడదు.

అంటరానివారెవరు అన్న దాని మీద 1948లో పుస్తకం రాసిన బాబాసాహెబు, తన మాటే ఆఖరి మాట అనలేదు. పరీక్షించమన్నాడు. అంతటాయనే అట్లా అన్నప్పుడు, మన తాతల కథని ప్రశ్నిస్తే తాతకి అవమానం కాదు. వేరేవాళ్లు మన మీద రాసిన అబద్ధాన్ని నిలదీసే హక్కు, మన ఇంటి మాటని కూడా నిలదీసినప్పుడే గట్టిపడతది.

జై భీమ్!