జింఖానా: ఒక మాట పుట్టుక



ఉద్యోగధర్మముచే ఊరూరు తిరుగు మనవారికి బొంబాయిలో, మద్రాసులో, ఢిల్లీలో, సికింద్రాబాదులో ఒక పేరు తప్పక ఎదురగుచుండును. అదియే జింఖానా. ఇది ఇంగ్లీషు మాట యనువారు కొందరు, పారసీక పదమనువారు కొందరు. ఇరువురి మాటయు సగమే నిజము.

యూల్, బర్నెల్ అను పండితులు కూర్చగా 1886లో వెలువడిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు దీని జాతకము చెప్పుచున్నది. హిందూస్థానీలో 'గేంద్' అనగా బంతి. పారసీకమున 'ఖానా' అనగా ఇల్లు. గేంద్‌ఖానా యనగా బంతులాడు ఇల్లు. జిమ్నాస్టిక్సు అను మాటకు అలవాటుపడిన దొరల నాలుకపై 'గేంద్' కాస్తా 'జిం' అయినది. గ్రీకు భాషలో ఆ జిమ్నాస్టిక్సునకు మూలమైన మాటకు దిగంబరుడని అర్థము. బంతి పోయి దిగంబరత్వము దాపురించినదన్నమాట! ఈ పేరుతో తొలి సంస్థ 1861లో రూర్కీయందు వెలసినట్లు ఆ నిఘంటువే తెలుపుచున్నది.

ఖానా మనకు క్రొత్త చుట్టము కాదు. దవాఖానా, కార్ఖానా, బందీఖానా అని నిత్యము పలుకుచునే యున్నాము. (ఖజానా మాత్రము ఈ కుటుంబములోనిది కాదు, అది అరబ్బీ నుండి వేరుగా వచ్చినది.) మన పట్టణములలో కుస్తీలు నేర్పు చోటును తాలింఖానా యందురు. తాలిం అనగా శిక్షణ. మాట నిర్మాణమును బట్టి చూచినచో జింఖానాకు ఇది సాక్షాత్తు తోబుట్టువు. ఇక గేంద్ అన్నదియు పరాయిది కాదు. సంస్కృత నిఘంటువులలో కందుకమువలె గేండుకమును కలదు. దశకుమారచరిత్రలోని కందుకోత్సవమును కేతన తెనుగున చదివినవారు ఎరుగుదురు.

ఇట్లు మన నేలపై, మన మాటలతో పుట్టిన ఈ పదము మనలనే వెలుపల నిలిపిన కథ బొంబాయిలో జరిగెను. 1875లో ఏర్పడిన బొంబాయి జింఖానాలో భారతీయులకు సభ్యత్వము లేదు. ఎదుటి మైదానములో పారసీలు, హిందువులు క్రికెట్టు ఆడుకొనెడివారు. జింఖానా దొరలు అక్కడనే గుఱ్ఱములపై పోలో ఆడసాగిరి. గిట్టల తాకిడికి పచ్చిక గుంటలు పడి బంతి ఎటు లేచునో తెలియని స్థితి ఏర్పడెను. 1881లో వందలమంది సంతకములతో ప్రభుత్వమునకు అర్జీ పెట్టుకొనిరి. ఆ పోరాటము ఏండ్ల తరబడి సాగెను. షాపూర్జీ సొరాబ్జీ 1897లో ఆ చరిత్రను గ్రంథముగ వెలువరించెను. తుదకు మనవారికి సముద్రపు టొడ్డున వేరే స్థలములు దొరకినవి. అయితే అచ్చట వారు కట్టుకొన్న సంస్థలకు ఏమని పేరిడిరి? పారసీ జింఖానా, హిందూ జింఖానా, ఇస్లాం జింఖానా! తమను రానీయని గుమ్మముపైనున్న పేరునే తమ గుమ్మమునకు తగిలించుకొనిరి. దీనిని కొందరు అనుకరణ యందురు. అది మన సొత్తును మనము తిరిగి పుచ్చుకొనుటయే యని నా తలంపు.

బొంబాయి జింఖానా మైదానముతో తెలుగువారికి మరియొక సంబంధము కలదు. నాగపురమున స్థిరపడిన తెలుగు కుటుంబములో జన్మించిన సి. కె. నాయుడు 1926 డిసెంబరులో గిలిగన్ నాయకత్వమున వచ్చిన ఎం. సి. సి. జట్టుపై హిందువుల పక్షమున 153 పరుగులు చేసెను. అందు సిక్సర్లే 11. 1933 డిసెంబరు 15న భారతభూమిపై తొలి టెస్టు పోటీ అచ్చటనే ప్రారంభమైనది. జార్డిన్ జట్టును ఎదుర్కొన్న మన జట్టుకు నాయకుడు నాయుడే. రెండవ ఇన్నింగ్సులో లాలా అమర్‌నాథ్ 118, నాయుడు 67 పరుగులు చేసి, ఇరువురును కలిసి 186 పరుగులు జోడించిరి. పోటీలో మనము తొమ్మిది వికెట్లతో ఓడితిమి. ఆటగాళ్లకు తెరచిన ఆ గుమ్మము వారి దేశీయులకు సభ్యులుగా మాత్రము అప్పటికిని తెరువబడలేదు.

మాట మాత్రము దేశాటనము మానలేదు. నేడు ఇంగ్లండులో జింఖానా యన్నచో పిల్లలు పొట్టి గుఱ్ఱములపై చేయు పోటీలు. అచ్చట బంతియు లేదు, ఇల్లును లేదు.