ఇంప్లాంట్ పన్ను: క్రిమినాశకం చేసే పని, చేయలేని పని



నేను వైద్యుణ్ణి కాను, బడిలో పాఠాలు చెప్పేవాణ్ణి. అందుకే ఈ విషయాన్ని కూడా పాఠంలాగే చెబుతాను.

పన్ను పోయిన చోట దవడ ఎముకలో టైటానియం స్క్రూ బిగించి, దానిమీద కృత్రిమ పన్ను అమర్చడమే ఇంప్లాంట్. స్వీడన్ శాస్త్రవేత్త బ్రానెమార్క్ 1965లో తొలిసారి ఒక రోగికి ఈ చికిత్స చేశారు. టైటానియం చుట్టూ ఎముక గట్టిగా అతుక్కుంటుంది. అయితే అందుకు కొన్ని నెలలు పడుతుంది. ఈలోగా అక్కడ సూక్ష్మజీవులు పెరిగితే స్క్రూ వదులైపోవచ్చు.

నోటిని పూర్తిగా క్రిమిరహితం చేయడం ఎవరివల్లా కాదు. అందులో వందల రకాల బ్యాక్టీరియా కాపురముంటాయి. మనం చేయగలిగింది వాటి సంఖ్యను తగ్గించడమే. 1865లో గ్లాస్గోలో లిస్టర్ గాయాలకు కార్బాలిక్ ఆమ్లం వాడి ఈ దారి చూపారు. నేడు దంతవైద్యులు ఎక్కువగా వాడేది క్లోర్‌హెక్సిడిన్. 0.12 లేదా 0.2 శాతం ద్రావణాన్ని చికిత్సకు ముందు సుమారు ఒక నిమిషం పుక్కిలించమంటారు. అది పళ్ళకు, నోటి లోపలి పొరకు అంటుకొని కొన్ని గంటలపాటు పనిచేస్తుంది. కుట్లు ఉన్నన్నాళ్ళు అక్కడ బ్రష్ ఆడించలేం కనుక అప్పుడూ ఇదే ఆధారం.

స్క్రూకు, దానిపై బిగించే భాగానికి మధ్య కంటికి ఆనని సందు ఉంటుంది. మనకు కనిపించకపోయినా బ్యాక్టీరియాకు అది వాకిలి. అందుకే కొందరు వైద్యులు బిగించే ముందు లోపల క్లోర్‌హెక్సిడిన్ జెల్ పెడతారు. దానివల్ల క్రిములు తగ్గుతాయి గాని సందు పూడదు.

ఇక మందు చేయలేనిది చెబుతాను. బ్యాక్టీరియా గుంపుగా చేరి జిగురు పొర కట్టుకుంటే మందు లోపలికి సరిగా చొరదు. మాడిన గిన్నెను నానబెట్టినంత మాత్రాన సరిపోదు కదా, తోమాలి! ఇదీ అంతే: బ్రష్ చేయాలి, సందులు శుభ్రం చేసుకోవాలి, వైద్యుడి దగ్గర క్లీనింగ్ చేయించుకోవాలి. మందు మంచిదే కదా అని నెలల తరబడి సొంతంగా పుక్కిలిస్తే పళ్ళకు గోధుమరంగు మరకలు పడతాయి, నాలుకకు రుచి మారుతుంది. పొగాకు మానకపోయినా, షుగర్ అదుపులో లేకపోయినా ప్రమాదం మరింత పెరుగుతుంది.

దాతలైన మీకు నా మనవి ఇదే. ఒక పేదవాడికి ఇంప్లాంట్ పెట్టించి అక్కడితో చేతులు దులుపుకోవద్దు. చుట్టూ చీము పట్టి ఎముక కరిగితే స్క్రూ తీసేయవలసి వస్తుంది. ఇచ్చిన డబ్బూ పోతుంది, అతని ఎముకా పోతుంది. కాబట్టి ముందుగా చిగుళ్ళకు చేయించే వైద్యం, పుక్కిలించే మందు, ఆ తర్వాతి పరీక్షలు, వాటికి వచ్చిపోయే బస్సు ఛార్జీలు కూడా మన సాయంలో భాగం కావాలి. ఇందుకు డబ్బు చాలకపోతే పది మందికి బదులు ఎనిమిది మందికే చేయిద్దాం. ఆ ఎనిమిది మందీ ఏళ్ళ తరబడి హాయిగా రొట్టె నమిలి తినగలిగితే మన డబ్బు సద్వినియోగమైనట్టే.