తెలిసినదంతా చెప్పవచ్చునా?

ఈ దినం మీతో పంచుకోబోయేది నేను సిగ్గుపడవలసిన సంగతి. అయినా చెబుతున్నాను. ఎందుకంటే ఇలాంటి పొరపాటు నా ఒక్కని ఇంట్లోనే జరగలేదని నాకు తెలుసు.

మా అమ్మాయి హైదరాబాదులో హాస్టల్లో ఉండి చదువుకుంటున్న రోజులవి. ఆడపిల్ల దూరాన ఉంటే తండ్రి మనసు ఎలా ఉంటుందో మీకు తెలియనిది కాదు. ఆమె ఫోను ఎక్కడుందో నా ఫోనులో కనబడేలా ఏర్పాటు చేయించుకున్నాను. మ్యాపు మీద ఒక చిన్న చుక్క. ఆ చుక్క కాలేజీలో ఉంటే నాకు నిమ్మళం, హాస్టల్లో ఉంటే ఇంకా నిమ్మళం. ఒక రాత్రి తొమ్మిదిన్నరకు చూస్తే ఆ చుక్క ఒక ఆసుపత్రిలో ఉంది. నా గుండె ఆగినంత పనైంది. వెంటనే ఫోను చేశాను. "నాకేమీ కాలేదు నాన్నా, తరువాత చెబుతాను" అన్నది. నేను ఊరుకున్నానా? లేదు. గద్దించి అడిగాను. చివరకు తన స్నేహితురాలికి వచ్చిన జబ్బు సంగతి చెప్పి, "ఎవరికీ చెప్పకండి నాన్నా, నేను తనకు మాటిచ్చాను" అన్నది.

మరునాడు ఉదయమే నేను ఆ పిల్ల పేరు, జబ్బు పేరు రాసి, ప్రార్థించండి అని మా సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టాను. చెడు ఉద్దేశం లేదు. ప్రార్థన కోసమే పెట్టాను. సాయంత్రానికి ఆ సంగతి ఆ పిల్ల సొంత ఊరికి చేరింది. తల్లికి నెమ్మదిగా, తానే స్వయంగా చెప్పాలనుకొన్నది ఆ బిడ్డ. ఆ తల్లి మాత్రం పొరుగింటామె నోట విన్నది.

ప్రియులారా, ఆ తరువాత నన్ను ఆలోచింపజేసినది ఒక ఫుట్‌బాల్ ఆట అంటే మీరు నవ్వుతారేమో. 2022 నవంబరు 22న ఖతార్ దేశంలో ప్రపంచ కప్పు పోటీలలో అర్జెంటీనా, సౌదీ అరేబియా తలపడ్డాయి. అర్జెంటీనా అప్పటికి వరుసగా 36 ఆటలలో ఓటమి ఎరుగని జట్టు. ప్రపంచ ర్యాంకులలో వారిది 3వ స్థానం, సౌదీ వారిది 51వ స్థానం. పదో నిమిషంలోనే మెస్సీ పెనాల్టీ గోలు కొట్టాడు. ఇక ఎన్ని గోల్స్ తేడాతో గెలుస్తారన్నదే లెక్క అనుకొన్నారు చూసేవాళ్లు.

ఆ పోటీలలో ఎలాంటి పరికరాలు పెట్టారో గమనించండి. స్టేడియం కప్పు కింద 12 ప్రత్యేక కెమెరాలు. అవి ఒక్కొక్క ఆటగాని శరీరం మీద 29 చోట్ల వరకు, సెకనుకు 50 సార్లు గుర్తు పెట్టుకొంటాయి. బంతి లోపల ఒక సెన్సారు. అది సెకనుకు 500 సార్లు సమాచారం పంపుతుంది. ఆ రోజు మొదటి సగంలోనే అర్జెంటీనా మరి మూడుసార్లు బంతిని గోలులోకి పంపింది. మూడూ ఆఫ్‌సైడ్ అని తేలి చెల్లకుండా పోయాయి. అంత సూక్ష్మంగా చూసే కళ్లవి! రెండవ సగం మొదలుకాగానే అయిదు నిమిషాల తేడాలో అల్ షెహ్రీ ఒకటి, అల్ దౌసారీ ఒకటి గోల్స్ చేశారు. సౌదీ అరేబియా 2–1 తేడాతో గెలిచింది. మరునాడు ఆ దేశమంతటా సెలవు ప్రకటించారు.

అంతటితో కథ అయిపోలేదు. ఆనాడు తలవంచుకొని వెళ్లిన అర్జెంటీనా జట్టే డిసెంబరు 18న ప్రపంచ కప్పు ఎత్తింది. చూశారా, గెలుస్తారని లెక్కవేసినవారూ పొరబడ్డారు, వీరి పని అయిపోయిందన్నవారూ పొరబడ్డారు. ఎవరి భుజం ఎక్కడుందో ఆ కెమెరాలకు తెలిసింది. ఎవరి గుండెలో ఏముందో తెలియలేదు.

మన హైదరాబాదు వారికి ఇది కొత్త సంగతి కాదు. 1962లో జకార్తా ఆసియా క్రీడలలో దక్షిణ కొరియా మొదట మన జట్టును 2–0తో ఓడించింది. ఫైనల్‌లో మళ్లీ అదే జట్టు ఎదురైంది. ఈసారి మనవారు 2–1తో గెలిచి బంగారు పతకం తెచ్చారు. వారికి శిక్షణ ఇచ్చినవాడు హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. మరుసటి సంవత్సరమే ఆయన క్యాన్సర్‌తో కన్నుమూశాడు. మొదటి ఆట ఫలితం ఒక్కటే చూసి ఆ జట్టును ఎరుగుదుమని అనుకొన్నవాడు ఎంత పొరబడ్డాడు!

నేను చేసినదీ అదే. ఆ చుక్క నా బిడ్డ ఎక్కడుందో చెప్పింది. ఎందుకున్నదో చెప్పలేదు. స్నేహితురాలి మంచం పక్కన కూర్చున్న బిడ్డను నేను దొంగను నిలదీసినట్టు నిలదీశాను.

ఇక వార్తల సంగతి. కోట్లాది ఫేస్‌బుక్ ఖాతాల సమాచారం ఒక సంస్థ చేతికి చేరిందన్న సంగతి 2018లో బయటపడింది. 8 కోట్ల 70 లక్షల మంది వరకు ఉండవచ్చునని ఫేస్‌బుక్కే చెప్పింది. ఆ సమాచారం తీసుకొన్న క్విజ్ యాప్‌ను వాడినవారు మాత్రం సుమారు 3 లక్షల మందే. మిగతావారు ఏ బటనూ నొక్కలేదు. వారి స్నేహితులు నొక్కారు. ఈ మాట చదివినప్పుడు నాకు ఆ పిల్ల గుర్తుకొచ్చింది. ఆమె గుట్టు ఆమె బయటపెట్టలేదు. స్నేహితురాలి తండ్రి బయటపెట్టాడు.

మన దేశంలో 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఒకే మాటగా, గోప్యత మనిషికి ప్రాథమిక హక్కు అని తీర్పు చెప్పారు. కర్ణాటక హైకోర్టులో పనిచేసి విరమించిన పుట్టస్వామిగారు ఆధార్ విషయమై 2012లో వేసిన పిటిషనుతో మొదలైన వ్యాజ్యం అది. 2023లో పార్లమెంటు వ్యక్తుల సమాచార రక్షణకు చట్టం చేసింది. మంచిదే. అయితే ఒక తండ్రి తన ఇంట్లో తన ఫోనులో చూసుకొనే చుక్క జోలికి ఆ చట్టం రాదు. ప్రార్థన కూడిక ముగిశాక చెప్పుల దగ్గర నిలబడి మనం చెప్పుకొనే మాటల దగ్గరకు ఏ న్యాయమూర్తీ రాడు. అక్కడ కాపలా ఉండవలసినది మన మనస్సాక్షే.

నోవహు కుమారులను జ్ఞాపకం చేసుకోండి. తండ్రి గుడారంలో వస్త్రహీనుడై పడియున్నాడు. హాము చూశాడు, బయటికి వెళ్లి చెప్పాడు. చెప్పినది అబద్ధమా? కాదు, నిజమే. షేము, యాపెతు మాత్రం వస్త్రం భుజాల మీద వేసుకొని, ముఖం అటు తిప్పుకొని, వెనుకకు నడిచి వెళ్లి తండ్రిని కప్పారు. ఆ ముగ్గురికీ తెలిసిన సంగతి ఒక్కటే. ఒకడు దానిని వార్త చేశాడు, ఇద్దరు దానిని కప్పారు. ఒక మనిషిని గూర్చి మనకు తెలిసిన ప్రతి సంగతీ మన చేతికి అప్పగించబడిన వస్త్రం వంటిది.

నేను మా అమ్మాయిని వెంటబెట్టుకొని ఆ ఊరు వెళ్లాను. ఆ తల్లి ఎదుట తప్పు ఒప్పుకొన్నాను. ఆమె కోప్పడలేదు. ఒక్క మాటే అడిగింది. "అయ్యగారూ, మా పిల్ల పేరు, రోగం పేరు మీరు అందరికీ చెబితే తప్ప దేవునికి తెలియవా?" ఇన్నేళ్ల పరిచర్యలో నాకు ఎవరూ అంత చిన్న ప్రసంగం చేయలేదు.

ఆ పిల్ల కోలుకొన్నది, దేవునికి స్తోత్రం. మా అమ్మాయితో మునుపటిలా మాట్లాడడానికి మాత్రం ఆమెకు ఏడాది పట్టింది. గ్రూపులో నేను పెట్టిన మాటను తుడిచివేశాను, కాని అప్పటికే అది ఎన్ని ఫోన్లకు వెళ్లిందో! ఆ చుక్క కూడా తీసివేయమన్నాను. మా అమ్మాయి అన్నది: "ఉండనివ్వండి నాన్నా. కాని చూసినప్పుడు ముందు, అన్నం తిన్నావా అని అడగండి."

ప్రియ సహోదరీ సహోదరులారా, ఈ వారం మీ ఫోను చేతిలోకి తీసుకొన్నప్పుడు, ఎవరి సంగతైనా ముందుకు పంపబోయేటప్పుడు ఒక్క నిమిషం ఆగండి. ఈ సంగతి ఎవరిది? వారు చెప్పమన్నారా? చెప్పమనకపోతే పేరు లేకుండా, తలుపు వేసుకొని ప్రార్థించండి. మన దేవుడు అంతా ఎరిగినవాడు. ఎరిగియుండి మనలను బజారున పెట్టక కప్పుతున్నవాడు. ఆ కృపను పొందిన మనం ఒకరినొకరు కప్పుకొనుటకు ఆయనే మనకు సహాయం చేయును గాక. ఆమేన్.