ముందు సర్వర్ ఎక్కడుందో చూడండి

వేసవి సెలవులు వచ్చాయంటే నన్ను అందరూ అడిగేది ఒకటే. "మాకు వంద ఎంబీపీఎస్ కనెక్షన్ ఉంది, అయినా ఆట ఆగి ఆగి నడుస్తోంది, ఇంకా పెద్ద ప్లాన్ వేయించమంటారా?" వద్దండీ. రోడ్డు ఆరు లైన్లు చేస్తే బండ్లు ఎక్కువ పడతాయి గానీ ఊరు దగ్గరకు జరిగి రాదు కదా. ముందు సర్వర్ ఎక్కడుందో చూడండి.

పోయినేడు గుంటూరులో మా షాపుకి ఒక తండ్రీ కొడుకూ వచ్చారు. అప్పటికే కొత్త రౌటర్ కొన్నారు. అయినా పింగ్, అంటే సంకేతం సర్వర్ దాకా పోయి రావడానికి పట్టే సమయం, 280 మిల్లీసెకన్లకి తగ్గడం లేదు. నా లైన్ మీద పెట్టి చూశాను, అంతే ఉంది. సెట్టింగ్స్ తెరిస్తే ప్రాంతం దగ్గర 'అమెరికా' అని ఉంది. డాలస్‌లో ఉండే వాళ్ల బావతో కలిసి ఆడాలని ఆ పిల్లాడు మొదటిరోజే అది నొక్కాడట. డాలస్ మనకు సుమారు 14,500 కిలోమీటర్లు. ఫైబర్‌లో వెలుతురు సెకనుకు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే తిన్నగా లైను వేసినా పోయి రావడానికే 145 మిల్లీసెకన్లు. సముద్రం కింద కేబుళ్లు తిన్నగా పోవు, దారిలో ఎన్నోచోట్ల ఆగాలి. రౌటర్ పాపం ఏం చేస్తుంది?

"మార్చేయండి అంకుల్" అన్నాడు. ఆసియాకి మార్చాం. ఆట మొదటి మెట్టు నుంచి మొదలైంది. రెండు నెలలు కూడబెట్టుకున్నదంతా అమెరికా వైపే ఉండిపోయింది. ఆ పిల్లాడి ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది.

అందుకే ఇంతగా చెబుతున్నాను. డోటా 2 లాంటి వాటిలో ప్రాంతం ఎప్పుడు కావాలంటే అప్పుడు మార్చుకోవచ్చు. జెన్‌షిన్ ఇంపాక్ట్‌లో అలా కాదు. అమెరికా, యూరప్, ఆసియా, తైవాన్-హాంకాంగ్-మకావు అని నాలుగున్నాయి, ఒకదాంట్లో సంపాదించింది ఇంకోదాంట్లోకి రాదు. ఖాతా తెరిచేటప్పుడే ఆగండి, చూడండి, తర్వాత నొక్కండి.

ఇంకోటి, 'ఆసియా' అని పేరుంటే మన పక్కనే అనుకోవద్దు. సింగపూరూ ఆసియానే, టోక్యో కూడా ఆసియానే. అమెజాన్ క్లౌడ్ కేంద్రం ముంబైలో 2016లో, హైదరాబాద్‌లో 2022లో మొదలైంది నిజమే, కానీ మీ ఆట సర్వర్ అక్కడే పెట్టారని కాదు. పేరు కాదు, పింగ్ అంకె చూడండి.

వైఫై కన్నా కేబుల్ మేలు. డౌన్‌లోడ్లు ఆపి ఆడండి. వీపీఎన్‌తో దూరం తగ్గదు.

మొన్న ఆ కుర్రాడే ఫోన్ చేశాడు. తమ్ముడికి కొత్త ఖాతా తెరుస్తూ ప్రాంతం దగ్గర ఆగాడట. "ఆసియా పెట్టమంటారా అంకుల్?" అన్నాడు. ఏ ఆటరా, ముందు అది చెప్పు అన్నాను.