నక్షత్రం మాయమైన చోట వెలుగు కోసం

2020 జనవరి 5న ఒకసారి, 15న మరోసారి గురుత్వ తరంగాలు భూమిని తాకాయి. రెండుసార్లూ వాటికి కారణం ఒక న్యూట్రాన్ నక్షత్రం కృష్ణబిలంలో కలిసిపోవడమే. దూరదర్శినులు ఆకాశాన్ని గాలించాయి కానీ, వెలుగు జాడ దొరకలేదు.

కృష్ణబిలం మరీ బరువైనదైతే నక్షత్రాన్ని చీల్చకుండానే గుటుక్కున మింగేస్తుంది. బరువు తక్కువై, వేగంగా తన చుట్టూ తాను తిరుగుతుంటేనే నక్షత్రం కృష్ణబిలం బయటే ఛిద్రమవుతుంది. ఆ శకలాల్లో బంగారం, ప్లాటినం వంటి మూలకాలు పుట్టి, కొన్నాళ్లు వెలుగుతాయి. 2017లో రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్నప్పుడు అలాంటి వెలుగునే చూడగలిగాం. ఎంత అపురూపమైన దృశ్యమో!

లడఖ్‌లోని హాన్లేలో మన గ్రోత్ ఇండియా దూరదర్శినీ ఇలాంటి వెలుగుల వేటలో ఉంది. దాని అద్దం వ్యాసం 70 సెంటీమీటర్లే. మహారాష్ట్రలోని హింగోలి జిల్లాలో గురుత్వ తరంగాలను పసిగట్టే లైగో కేంద్రం సిద్ధమైతే తరంగం వచ్చిన దిక్కు మరింత కచ్చితంగా తెలుస్తుంది. వెతకాల్సిన ఆకాశం చిన్నదవుతుంది.